ఉపద్రవవేళ ఔషధవిద్యార్థి

మన తీరమునకు తుపానులు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును, 2024 సెప్టెంబరులో బుడమేటి వరద విజయవాడను అల్లకల్లోలము చేసెను. ఇట్టి విపత్తు సంభవించినప్పుడెల్ల దాతలు ముందుకు వచ్చుచున్నారు; అన్నము, వస్త్రములు, మందులు చేరుచున్నవి. అయితే ఆ మందుల నెరిగి, ఏరి, తగినవారికి తగినంత యందింపగల చేతులెన్ని? మా ప్రశ్న యిదియే.

మందు లేకపోవుటయే ఆపద యని తలంపరాదు. అక్కరకు రాని మందు రాశిపడుటయు ఆపదయే. 2004 డిసెంబరు సునామీ పిమ్మట ఇండొనేషియాలోని ఆచే ప్రాంతమునకు సుమారు 4,000 టన్నుల మందులు వచ్చిపడెను. వానిలో పెక్కింటి పైచీటీలు అచ్చటివారికి తెలియని భాషలలో నుండెను. దానమే భారమై కూర్చుండెను. దానముగా వచ్చు మందునకు చేరునాటికి కనీసమొక సంవత్సరపు గడువు మిగిలియుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. పెట్టె విప్పి ఆ గడువు చూచువాడు లేనిచో సూచన కాగితముపైననే యుండును.

వరదలో చిక్కినవారందరును గాయపడినవారు కారు. మధుమేహము, రక్తపుపోటు, మూర్ఛ, క్షయ మున్నగు రోగములకు ప్రతిదినము మందు పుచ్చుకొనువారు ప్రతి వీధిలోను గలరు. ఇల్లు మునిగినప్పుడు వైద్యుని చీటియు నీటిపాలగును. మాత్ర పేరు వారికి జ్ఞాపకముండదు. నాలుగు ప్రశ్నలడిగి దాని పేరు రాబట్టి, అది దొరకనిచో వైద్యుని యనుమతితో సాటిమందు సమకూర్పగలవాడు కావలెను. ఇన్సులిన్‌ను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నిలువచేయవలెను. విద్యుత్తు పోయిననాడు దానిని గాపాడు నేర్పు పుస్తకపఠనమాత్రమున అలవడునది కాదు.

జపానుదేశము ఈ పాఠమును కష్టము మీద నేర్చినది. 2011 భూకంప సునామీల పిమ్మట మియాగీ మండల ఔషధజ్ఞుల సంఘమువారు మందులశాలనే బండి కెక్కించిరి. అట్టి బండ్లు 2016 కుమామోతో భూకంపమున బాధితులకు తోడ్పడినవి.

ప్రపంచమునకు మందులు చేసి పంపుచున్న దేశము మనది. మన తెలుగునాట ఫార్మసీ కళాశాలలకు కొదువ లేదు. నాలుగేండ్లు చదువు యువకులకును యువతులకును ఏటేట తుపానుకాలమునకు ముందు కొలదిదినములు శిబిరశిక్షణ మొసగుట అసాధ్యమా? మందుల నేరుట, లెక్కవ్రాయుట, నీటికి క్లోరిను కలుపుట, ప్రజలకు వారి భాషలో మోతాదు తెలుపుట—ఇవి చేసి నేర్వవలసిన పనులు. శిక్షితుల పట్టిక జిల్లా అధికారులకడ నుండవలెను. విద్యార్థి వైద్యుడు కాడు. కావున అనుభవజ్ఞుడగు ఫార్మసిస్టు పర్యవేక్షణముననే పనిచేయవలెను. పరీక్షల భారము చాలునని కొందరందురు. ప్రజల ప్రాణరక్షణకు పనికిరాని చదువునకు పరీక్ష లెందులకు?

కళాశాలల యజమానులును ప్రభుత్వములును ఈ విషయమును వెంటనే యోచింపవలెను. గాలి లేచిన పిమ్మట పాఠము చెప్పుటకు వ్యవధి యుండదు.