నోరు కట్టుకోమంటే సరిపోతుందా?

పోయిన మాఘంలో మా బంధువులింట్లో పెళ్లి. బంతిలో మా మేనకోడలు నా పక్కనే కూర్చుంది. వడ్డించే అబ్బాయి దాని విస్తట్లో రెండో బొబ్బట్టు వేయబోతుంటే, నేను చెయ్యి అడ్డం పెట్టి ‘వద్దులే బాబూ, దానికి ఒకటి చాలు’ అనేశాను. ఆ అబ్బాయి నవ్వాడు. ఎదురు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పిల్ల మాత్రం నవ్వలేదు. ఇంటరు చదువుతోంది, కాస్త బొద్దుగా ఉంటుంది. దాని మేలు కోరే కదా అన్నాను అనుకున్నాను, ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను కూడా.

మూడు నెలలకి మా వదిన ఫోన్ చేసింది. పిల్ల పొద్దున టిఫిను మానేసిందట. మధ్యాహ్నం క్యారియర్ అలాగే వెనక్కి తెస్తోందట. రాత్రికి ఒక్క పుల్కా. బరువు బాగా తగ్గింది సరే, రెండు నెలలుగా నెలసరి రావడం లేదు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కడుపు మాడ్చుకోవడం వల్లేనని చెప్పిందట. ‘ఎవరేమన్నారో ఏమో, అడిగితే చెప్పదు’ అంది వదిన. ఎవరన్నారో నాకు తెలుసు.

తిండికీ కొవ్వుకీ నెలసరికీ ఏమిటి సంబంధం? ఆ ప్రశ్న పట్టుకుని నాకు అర్థమయ్యే మేరకు చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతుంటే తారసపడ్డారు డగ్లస్ కోల్‌మన్. కెనడాలో పుట్టిన శాస్త్రవేత్త. 1958లో అమెరికాలోని బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో జాక్సన్ ప్రయోగశాలలో చేరారు. పరిశోధనల కోసం ఎలుకల్ని పెంచే చోటు అది. అక్కడ 1949లో ఒక వింత ఎలుకను గమనించారు. దాని జాతి ఎలుకలు ఎంత తిన్నా ఆపవు, మామూలు వాటికి మూడింతల బరువు పెరుగుతాయి. 1960లలో ఇంకో జాతి బయటపడింది. అవీ లావే, పైగా మధుమేహం.

కోల్‌మన్ చేసిన పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండేసి ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చర్మం కలిపి కుట్టారు, ఒకదాని రక్తం కొంత రెండోదానిలోకి పారేలా. మధుమేహపు ఎలుకతో మామూలు ఎలుకను కలిపితే, మామూలు ఎలుక తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. లావుపాటిది మాత్రం యథాప్రకారం తింటూనే ఉంది. మొదటి జాతి ఎలుకను మామూలు దానితో కలిపినప్పుడేమో, ఆ తిండిపోతు కాస్తా తిండి తగ్గించి చిక్కింది. ఇక లావుపాటి రెండు జాతుల్నీ ఒకదానికొకటి కలిపితే? మొదటి జాతిది తిండి మానేసి పోయింది. మధుమేహపుది చెక్కుచెదరలేదు.

దీన్నిబట్టి ఆయన తేల్చిందేమిటంటే, ‘ఇక చాలు’ అని మెదడుకు చెప్పే పదార్థమేదో రక్తంలో ఉంది. మొదటి జాతికి ఆ మాట వినే చెవి ఉంది, చెప్పే నోరు లేదు. రెండోదానికి నోరుంది, చెవి లేదు. అంతే తేడా! పాపం, ఆ ఎలుకల్లో సోమరితనం లేదు, జిహ్వచాపల్యమూ లేదు.

1973 నాటికే ఈ సంగతులన్నీ అచ్చయ్యాయి. అయినా ఊబకాయమంటే తిండి అదుపులో పెట్టుకోలేని నడవడికే అన్న నమ్మకం అప్పటి శాస్త్రవేత్తల్లోనూ గట్టిగా ఉండేదని కోల్‌మన్ తర్వాత రాసుకున్నారు. అంతంత చదువులు చదివినవాళ్లే అలా అనుకుంటే, బంతిలో కూర్చున్న నాబోటివాళ్ల సంగతి చెప్పాలా!

ఆ పదార్థం ఏమిటో, ఎక్కడ పుడుతుందో కోల్‌మన్‌కు దొరకలేదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ఏళ్ల తరబడి వెతికి 1994లో పట్టుకున్నారు. అది పుట్టేది మెదడులో కాదు, పొట్టలోనూ కాదు, కొవ్వులో! దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో ‘సన్నని’ అని అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నారు. 2010లో ఇద్దరికీ కలిపి లాస్కర్ పురస్కారం ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ రిటైరయి చాలా ఏళ్లయింది. తన అడవీ తన చెట్లూ చూసుకుంటూ ఉండేవారట. 2014లో పోయారు.

కొవ్వంటే మనకు తెలిసిందేమిటి? కొట్టుగదిలో బస్తాలా ఒంట్లో పడి ఉన్న నిల్వ సరుకు. కానీ అది రాత్రింబవళ్లు మెదడుతో మాట్లాడుతుంటుంది. నిల్వ ఉన్నంతసేపూ లెప్టిన్ పుష్కలంగా ఊరుతుంది. కడుపు మాడ్చుకున్నప్పుడు గబగబా పడిపోతుంది. వెంటనే మెదడు ‘కరువొచ్చింది’ అనుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. కరువులో బిడ్డను మోయడం కష్టం కాబట్టి నెలసరినీ వాయిదా వేస్తుంది. 2004లో అమెరికాలో ఇలా నెలసరి ఆగిన కొద్దిమంది స్త్రీలకు లెప్టిన్ ఇచ్చి చూస్తే చాలామందిలో తిరిగి మొదలైంది. మా మేనకోడలి ఒంట్లో జరిగింది ఈ కరువే. తెచ్చిపెట్టింది నేను.

మనుషుల్లో లెప్టిన్ బొత్తిగా పుట్టనివాళ్లు చాలా అరుదు. 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓ’రాహిలీ, సదాఫ్ ఫరూకీ బృందం పాకిస్థాన్ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల్ని గుర్తించింది. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు! ఎప్పుడు చూసినా ఆకలే. ఆ పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. అంతకంటే ముఖ్యం, ఆకలి తగ్గింది. ఎన్ని తిట్లు తిట్టినా, ఎన్ని తాళాలు వేసినా అయ్యే పని కాదది.

అయితే మనమూ ఆ ఇంజెక్షన్ వేయించుకుంటే పోలా? పోదు. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి లెప్టిన్ తక్కువేం కాదు, ఎక్కువే ఉంటుంది. మెదడే దాని మాట సరిగా వినిపించుకోదు. ఇంకో చిక్కూ ఉంది. 2011లో మెల్‌బోర్న్‌లో లావుగా ఉన్నవాళ్లకు పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది గడిచాక చూసినా వాళ్ల ఒంట్లో ఆకలి పెంచే హార్మోన్లు సద్దుమణగలేదు. ముందుకంటే ఎక్కువ ఆకలేస్తోందని వాళ్లే చెప్పారు. ‘తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగాను, నాకే నోరు కట్టుకోవడం చేతకాలేదు’ అని ఎంతమంది అనగా వినలేదు మనం! ఈమధ్య వచ్చిన వారం వారం వేసుకునే ఇంజెక్షన్లు వేరే దారిలో ఆకలి తగ్గిస్తున్నాయి. కానీ మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తోంది. డాక్టరు చూపు లేకుండా వాడేవి కావవి.

లావైతే ఏం నష్టం లేదని నేననడం లేదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వుతో షుగరు, గుండెజబ్బు వస్తాయి. నడవాలి, పిండివంటలకూ వేపుళ్లకూ హద్దుండాలి. అది ఇంటిల్లిపాదికీ పెట్టుకోవాల్సిన హద్దు. మగపిల్లాడికి మూడు వేసి, ఆడపిల్ల విస్తరి దగ్గర చెయ్యి అడ్డం పెట్టడమే కుదరదు. పెళ్లిచూపుల్లో ‘పిల్ల కొంచెం ఒళ్లు చేసిందే’ అనేవాళ్లనీ, మోకాలి నొప్పని వెళ్తే ముందు నోరు కట్టుకోమని కసిరే డాక్టర్లనీ కూడా నేనిక ఊరుకోదలచుకోలేదు. తగ్గమనడం సులువే. తగ్గిన ఒంటితో ఆ తర్వాత ఏళ్ల తరబడి పోట్లాడాల్సింది ఆ మనిషే కదా! ఆ పోరాటంలో సాయం చేయగలిగితే సరే, లేదంటే కనీసం నవ్వకూడదు.

పోయిన ఆదివారం వదినవాళ్లింటికి వెళ్లాను. పిల్ల ఇప్పుడు కాస్త తింటోంది. ఈ నెల నెలసరి వచ్చిందని వదిన వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. తర్వాత దాన్ని కూర్చోబెట్టుకుని ఎలుకల కథంతా చెప్పాను. బుద్ధిగా విని, ‘మరి ఆ రోజు అందరి ముందూ అలా ఎందుకన్నావత్తా?’ అంది. ‘తప్పయిందమ్మా’ అన్నాను. అది ఏమీ అనలేదు. వదిన పెసరట్లు వేస్తోంది. రెండోది అదే అడిగి వేయించుకుంది. నేను దాని కంచం వైపు చూడలేదు.