కొంగు తిరగేసి చూసింది

పెళ్ళిళ్ళలో మన చీర చూసి ధర అడిగేవాళ్ళు కొందరు, ఏ కొట్టులో కొన్నారని అడిగేవాళ్ళు కొందరు. ఈ మాఘమాసంలో మా చిల్కానగర్‌లో జరిగిన పెళ్ళిలో రెండూ అడగనావిడ తగిలింది. వెనకనుంచి నా కొంగు పట్టుకుని, తిరగేసి చూసి, "నేసిందే, అచ్చు కాదు" అంది. ఎవరబ్బా అని చూస్తే ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న పిల్ల! "ఏందే, గుర్తుపట్టలేదా?" అని తనే నవ్వింది. పాతికేళ్ళు దాటింది మరి.

అప్పట్లో పోచంపల్లి వైపు నుంచి బస్సులో వచ్చి చదువుకునేది. తెల్లారకముందే లేచి వాళ్ళమ్మతో పాటు ఆసు పోసి, అప్పుడు కాలేజీకి వచ్చేది. చెయ్యి లాగేస్తోందంటే నోట్సు నేనే రాసిచ్చేదాన్ని. అయినా మార్కులు దానికే ఎక్కువ!

ఆసు అంటే, చిటికి కట్టి రంగులద్దే ముందు నూలును వరుసగా ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ చుట్టడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని, అదీ ఇంట్లో ఆడవాళ్ళదే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి అవస్థపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. ఇప్పుడు గంటన్నరలో ఒక చీర ఆసు అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఈ పిల్లే గుర్తొచ్చింది.

వాళ్ళింటికి మిషన్ వచ్చేసరికే వాళ్ళమ్మ చెయ్యి తలపైకి లేవడం మానేసిందట. మిగిలిన గంటల్లో మనది ఇంట్లోనే చదువుకుని డిగ్రీ పాసయింది. ఇప్పుడు పట్టు ఎంత, రంగు ఎంత, ఎన్ని రోజుల పని, అన్నీ పుస్తకంలో రాసి షావుకారు ముందు పెడుతుందట. ఇచ్చింది పుచ్చుకునే రకం కాదు, అప్పుడూ అంతే.

కొడుకు మాత్రం మగ్గంలో కూర్చోనన్నాడట. "అదే డిజైను అచ్చేసి పావలా వంతుకు అమ్ముతుంటే, కూర్చోమని ఏ మొహంతో చెప్పాలే?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అచ్చును గుర్తుపట్టడం కష్టమేమీ కాదండీ. నేసినదైతే తిరగేసినా రంగు అంతే ఉంటుంది, పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. గీత గీసినట్టు నున్నగా ఉండి, వెనక వెలిసినట్టుంటే అది అచ్చే. నూలు చీర మొదటి రెండు మూడుసార్లు విడిగా చన్నీళ్ళలో జాడించి, నీడనే ఆరెయ్యాలని కూడా చెప్పింది.

వచ్చే ఆదివారం ఉప్పల్‌లో బస్సెక్కి వాళ్ళూరికి వెళ్తున్నా. పెట్టె అడుగున ఉన్న మా అమ్మ చిరుగు చీర తెమ్మంది. ఆ అంచుకు చిటికి కట్టేవాళ్ళు వాళ్ళ వీధిలో ఇప్పుడెవరూ లేరట. విప్పి చూసి, తను కడతానంటోంది.