పసుపు రెక్కల పురుగును గుర్తుపట్టండి



వరి పొలాల నుండి చిన్న పసుపు రెక్కల పురుగులు రాత్రి మన ట్యూబ్‌లైట్ల దగ్గరికి వస్తయి. పొద్దున వాటిని చీపురుతో ఊడ్చేస్తాం. ఊడ్చే ముందు ఒకసారి మంచిగ చూడాలని నా అభిప్రాయం. మనం తినే బువ్వకు, ఈ పురుగుకు సంబంధం ఉన్నది.

ముందు రెక్కలు పసుపుగ ఉండి, ఒక్కో రెక్క మీద ఒక నల్ల చుక్క ఉంటే అది ఆడది. మగది ఇంకా చిన్నది. మట్టి రంగు లెక్క ఉంటది, చుక్క సరిగ్గ కనపడదు. రెండూ ఒక్క జాతి అంటే నమ్మబుద్ధి కాదు. 1863లో లండన్‌లో ఫ్రాన్సిస్ వాకర్ అనే శాస్త్రవేత్త కూడా ఈ ఒక్క పురుగుకే వేరు వేరు పేర్లు పెట్టినాడు. తరువాత అవన్నీ ఒక్కటే అని తేల్చినారు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం సిర్పోఫాగా ఇన్సెర్టులాస్. సీతాకోకచిలుక, పట్టుపురుగు ఉన్న లెపిడాప్టెరా వర్గమే దీనిది కూడా. కుటుంబం క్రాంబిడే.

మనకైతే ఇది వరి మొగి పురుగు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాలల్ల, మూసీ కింద సూర్యాపేట పొలాలల్ల ఇది ఉంటది. పంటను తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల పురుగు. అది కాండం లోపలికి పోయి తొలుస్తది. పిలకలప్పుడు మొవ్వు ఎండుతది, ఈనినంక తెల్ల కంకి వస్తది. తెల్ల కంకి చూసినంక మందు కొడితే ఆ కంకికి గింజ రాదు, అప్పు మాత్రం మిగులుతది.

ఆడది ఆకు కొన దగ్గర గుడ్లు పెట్టి, తన వెంట్రుకలతో కప్పుతది. అందుకే నాటే ముందు నారు కొనలు తుంచి నాశనం చేయాలని వ్యవసాయ అధికారులు చెప్తరు. మరి తుంచేది ఎవరు? మా తండా యాడిలు ఎకరానికి ఇంత అని గుత్తకు నాట్లు వేస్తరు. కొనలు తుంచుకుంట ఉంటే నాటు సాగదు, ఆ రోజు కూలి తగ్గుతది. కాబట్టి ఆ పనికి రైతు వేరే కూలి ఇయ్యాలె. నేను మందే వద్దు అంటలేను. మందు డబ్బాకు పెట్టే పైసలల్ల కొంత ముందే నాటేవాళ్లకు ఇస్తే ఇద్దరికీ లాభమే కదా!

పురుగుల సంగతి మందుల దుకాణం వాళ్లకే తెలుసు అని కొందరు అంటరు. కానీ నారు కట్ట చేతిలో పట్టుకొని ఆకు కొనను దగ్గర నుండి చూసేది నాటేవాళ్లే.

గుడ్డు, పిల్ల పురుగు, ప్యూపా, రెక్కల పురుగు, ఈ నాలుగు దశల బొమ్మలు మా సైన్సు రికార్డుల గీయించాలని టీచర్ గారిని కోరుతున్నాను. సెలవులకు పోయినప్పుడు ప్రతి అమ్మాయి ఆ బొమ్మలు ఇంట్లో చూపించాలె. చదువు పొలం దాకా పోవాలె.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని