పబ్ మూతపడితే ఆ బీరూ పోతుంది

ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్‌లో ఆల్డ్‌వర్త్ అనే చిన్న ఊరుంది. అక్కడి 'ది బెల్ ఇన్' పబ్‌ను ఒకే కుటుంబం దాదాపు 250 ఏళ్లుగా నడుపుతోంది. లోపల బార్ కౌంటర్ ఉండదు. అద్దాల తలుపులున్న చిన్న కిటికీ దగ్గరికెళ్లి అడిగితే అవతలి నుంచి గ్లాసు అందిస్తారు. తినడానికి వేడి రోల్స్ దొరుకుతాయి. ఇంత సాదాసీదా పబ్‌ను కాస్క్ ఏల్ ప్రియుల సంఘం 'కామ్రా' 1990లో ఒకసారి, 2019లో మరోసారి దేశంలోకెల్లా ఉత్తమ పబ్‌గా ఎంపిక చేసింది.

కాస్క్ ఏల్ అంటే పీపాలో పబ్‌కు వచ్చే బీరు, దాన్ని పాశ్చరైజ్ చేయరు. పబ్‌కు చేరేసరికి అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది, పీపాలో పులియడం సాగుతూనే ఉంటుంది. అంటే తయారీలో చివరి భాగం పబ్ నడిపేవాళ్ల చేతుల్లోనే ఉందన్నమాట. పీపాను సెల్లార్‌లో కదలకుండా పడుకోబెట్టి, పైనున్న రంధ్రంలో మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు. దాని సందుల్లోంచి గ్యాస్ నురగతో పాటు బుసబుసమంటూ బయటికొస్తుంది. ఆ పొంగు తగ్గాక గట్టి మేకు బిగించి, మడ్డి అడుక్కు దిగేదాకా ఆగుతారు. ఆ తర్వాతే హ్యాండ్ పంప్ పిడి లాగి గ్లాసులోకి తోడతారు.

దీన్ని గోరువెచ్చటి బీరని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాట సరికాదు. 11 నుంచి 13 డిగ్రీల సెల్లార్ చల్లదనంలోనే మాల్ట్ రుచి, హాప్స్ పరిమళం నాలుకకు తెలుస్తాయి.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకసారి తెరిచిన పీపాలోకి గాలి చొరబడుతుంది, మూడు రోజులు దాటితే రుచి పాడవుతుంది. ఫర్కిన్ అనే చిన్న పీపాలోనే 72 పింట్లు పడతాయి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఏమవుతుందో తెలిసిన తెలుగువాళ్లకు ఈ తొందర వెంటనే అర్థమవుతుంది. జనం రాని పబ్‌లో మంచి కాస్క్ ఏల్ నిలవదు. సీసాలో నింపి ఇంటికి పంపే సరుకూ కాదు. అందుకే ఈ పానీయాన్ని కాపాడటమంటే పబ్‌ను కాపాడటమే.

పెద్ద బ్రూవరీలు గ్యాస్‌తో నెట్టే కెగ్ బీరును ఊరూరా నింపుతున్న రోజుల్లో, 1971లో, నలుగురు మిత్రులు కామ్రాను మొదలుపెట్టారు. వాళ్ల పోరాటం వల్లే కాస్క్ ఏల్ బతికింది. ఇప్పుడు ముప్పు పబ్‌ భవనాలకే వచ్చింది. గనుల తవ్వకాలతో నేల కుంగి ఒక పక్కకు ఒరిగిన స్టాఫర్డ్‌షైర్‌లోని 'క్రూకెడ్ హౌస్' 1765 నాటి కట్టడం. 2023లో చేతులు మారిన కొద్దిరోజులకే, ఆగస్టు 5న తగలబడింది. రెండు రోజుల్లోనే నేలమట్టం చేశారు. తిరిగి కట్టాలని స్థానిక కౌన్సిల్ 2024లో నోటీసిచ్చింది. అది న్యాయమైన నిర్ణయం. కానీ పడిపోయాక నోటీసులివ్వడం కన్నా, అమ్మకానికి పెట్టినప్పుడే ఊరివాళ్లకు హక్కు ఉండటం మేలు.

2011 లోకలిజం చట్టం, ఊరికి విలువైన ఆస్తుల జాబితాలో చేరిన పబ్ అమ్మకానికొస్తే, డబ్బు కూడగట్టుకోవడానికి స్థానికులకు ఆరు నెలల గడువిచ్చింది. వాళ్లకే అమ్మాలని మాత్రం యజమానిని కట్టడి చేయలేదు. కొనే మొదటి హక్కు ఊరిదే కావాలి. కంబ్రియాలోని హెస్కెట్ న్యూమార్కెట్ గ్రామస్తులైతే ఆ చట్టం రాకముందే, 2003లో, తలా కొంత వేసుకుని 'ఓల్డ్ క్రౌన్'ను కొనేశారు. పబ్ వెనకున్న బ్రూవరీని అంతకు కొన్నేళ్ల ముందే సహకార పద్ధతిలో సొంతం చేసుకున్నారు.