స్టిక్కర్ కాదు, అతుకు చూడండి

పాత అల్యూమినియం రేసు సైకిల్ కనబడితే అందరూ అడిగేది "ఒరిజినలేనా?" అనే. నేనైతే అతుకులు గట్టిగా ఉన్నాయా అని ముందు అడగమంటాను.

ఫ్రాన్సులో తయారైన విటస్ 979నే తీసుకోండి. 1980లలో షాన్ కెల్లీ దీని మీద రేసులు గెలిచాడు. ట్యూబులకి వెల్డింగ్ ఉండదు, లగ్గుల్లో ఎపాక్సీతో అతికించారు. పేరున్న స్టిక్కర్ ఎవడైనా ప్రింట్ చేయించుకోగలడు. నలభై ఏళ్ళ జిగురు సంగతి వేరు. లగ్గు అంచున సన్నటి గీత, తెల్లటి పొడి, గట్టిగా తొక్కితే కిర్రుమనే చప్పుడు... వీటిలో ఏదున్నా గోడకి తగిలించుకోవడానికే కొనండి. ఎక్కువ ఫ్రేములకి యానొడైజ్ చేసిన రంగే ఉంటుంది కాబట్టి, పైన కొత్త పెయింట్ మెరిసిపోతుంటే కింద పగులు దాచారేమోనని నాకు అనుమానమే.

మెకానికల్ వాళ్ళకి ఎస్-ఎన్ కర్వ్ గుర్తుందిగా (పరీక్ష అయ్యాక కూడా!). స్టీలుకున్న ఎండ్యూరెన్స్ లిమిట్ అల్యూమినియానికి లేదు. అందుకే ఏ సంవత్సరం మోడల్ అన్నదాని కంటే, ఎంత తొక్కారో అమ్మేవాణ్ణి నిలదీసి అడగండి.