పంట జోస్యాల్లో ఏది నమ్మాలి?

వాతావరణం మారితే పంటల గతేమిటి? దిగుబడి పడిపోతుందని ఒక వార్త. పెరుగుతుందని మరో వార్త. రెండూ చదివి నేనూ అయోమయంలో పడ్డాను. అసలీ లెక్కలు ఎవరు వేస్తారా అని వెతికితే ఆసక్తికరమైన సంగతులు తెలిశాయి.

ఎండ, వాన, నేల, ఎరువు వివరాలిస్తే మొక్క రోజురోజుకీ ఎలా ఎదుగుతుందో, చివరికి ఎంత గింజ చేతికొస్తుందో కంప్యూటర్ లెక్కకడుతుంది. దీన్నే పంట నమూనా అంటారు. ఇలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో జవాబు చెబుతుంది. అందుకే 2010లో శాస్త్రవేత్తలు 'ఆగ్‌మిప్' పేరుతో జట్టుకట్టారు. అన్ని నమూనాలకూ ఒకే వాతావరణ వివరాలిచ్చి, జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూస్తారన్నమాట. ఈ పనికి ముందు నిలిచింది ఓ మహిళ. నాసా శాస్త్రవేత్త సింథియా రోజెన్‌జ్వైగ్. 2022లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

2021లో వెలువడిన ఫలితాల్లో 12 నమూనాలను పోల్చారు. కాలుష్యం అదుపు లేకుండా పెరిగితే ఈ శతాబ్దం చివరికి ప్రపంచంలో మొక్కజొన్న దిగుబడి సుమారు 24 శాతం తగ్గుతుందట. గోధుమ మాత్రం 18 శాతం దాకా పెరుగుతుందట! అంతకుముందు తరం లెక్కల్లో మొక్కజొన్నకి ఇంత నష్టం కనబడలేదు.

ఎందుకీ తేడా? గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే గోధుమ, వరి ఏపుగా ఎదుగుతాయి. మొక్కజొన్న, జొన్నలకు ఆ లాభం తక్కువ, వేడి దెబ్బ మాత్రం తప్పదు. నమూనాలకు పేచీ వచ్చేది ముఖ్యంగా ఈ వాయువు లాభం దగ్గరే. ఒకటి ఎక్కువ వేస్తుంది, మరొకటి తక్కువ.

గోధుమ లెక్క చూసి సంబరపడకండి. అది ప్రపంచ సగటు. లాభం చాలావరకు చలి ప్రాంతాలది. మన ఉత్తరాదిలో 2022 మార్చిలోనే ఎండలు ముదిరి గోధుమ గింజ సరిగా నిండలేదు. మేలో కేంద్రం గోధుమ ఎగుమతులే ఆపేసింది. ఇక మొక్కజొన్న మనకెందుకులే అనుకోవద్దు. కోళ్ళ మేతలో ముఖ్యమైనది అదే. పిల్లలకు పెట్టే గుడ్డు ధర దాంతోనే ముడిపడి ఉంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మరొకటి. ఈ దిగుబడి లెక్కలు బస్తాలను చెబుతాయి, గింజలో సత్తువను కాదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఇచ్చి పెంచిన వరి, గోధుమల్లో మాంసకృత్తులు, ఇనుము, జింకు తగ్గినట్టు పొలాల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బస్తా నిండినా అన్నంలో బలం తగ్గితే ఆ దెబ్బ ముందు తగిలేది ఎవరికి? అందరికీ వడ్డించి ఆఖరున తినేవాళ్ళకే కదా!

అందుకే ఇకమీదట ఇలాంటి వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క నమూనా చెప్పిందా, చాలా కలిసి చెప్పాయా? ప్రపంచ సగటా, మన ప్రాంతం సంగతా? బస్తాల లెక్కేనా, పోషకాల ఊసుందా? ఈ మూడో ప్రశ్న మనం అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?