సగంలో ఆగిన సూదులు

మెజారిటీ లేని కూటమి ఏది గద్దెనెక్కినా ప్రతిపక్షం నోట వచ్చే మొదటి మాట 'అతుకుల బొంత'. ఇవాళో రేపో చిరిగిపోయే సర్కారని దాని భావం. బొంత కుట్టడం తెలిసిన ఏ ఇల్లాలూ ఈ పోలికను ఒప్పుకోదు. చెయ్యి తగిలితే చిరిగే పాత నేత చీరలు నాలుగైదింటిని పొరలుగా పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, అంచుల నుంచి చాళ్లు తీసినట్లుగా దగ్గర దగ్గర కుట్లు వేసుకుంటూ పోతే అవన్నీ కలిసి ఏళ్ల తరబడి ఉతుకులకు తట్టుకుంటాయి. విడివిడిగా దేనికీ పనికిరాని గుడ్డలకు బలం ఇచ్చేదే అతుకు. అమెరికా రాజకీయాల్లో ఇదే పోలిక పొగడ్త. 1988లో అట్లాంటాలో జరిగిన డెమోక్రాటిక్ పార్టీ మహాసభలో జెస్సీ జాక్సన్ తన అమ్మమ్మ కుట్టిన బొంతను గుర్తు చేసుకున్నారు. దుప్పటి కొనే స్తోమత లేక ఆమె రకరకాల గుడ్డముక్కలు కలిపి కుట్టిందని, పార్టీలోని వర్గాలు కూడా అలాగే కలవాలని ఆయన కోరారు. అక్కడ మెప్పు, ఇక్కడ తిట్టు. వస్తువు మాత్రం ఒక్కటే.

బొంతకే కాదు, ఇంట్లో ఆడవాళ్లు దారంతో చేసే పనులన్నింటికీ ఇలాంటి చులకనే రాసిపెట్టి ఉంది. దానికి మర్యాదగా వాడే పేరు 'కాలక్షేపం'. పని పూర్తయితే కాలక్షేపం, సగంలో ఆగిపోతే బద్ధకం. ఈ రెండు మాటల మధ్య అసలు విషయం జారిపోతోంది.

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్‌లో, యానాం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన ఓ తెలుగు కుటుంబాన్ని, ఆ ఇంటి బీరువాను ఊహించుకోండి. పై అరలో పట్టుచీరలు. అడుగు అరలో ప్లాస్టిక్ సంచులు. వాటిలో ఏముందో ఇంటి ఇల్లాలికి తప్ప ఎవరికీ తెలియదు. పూర్తయినవి కొన్ని: ఒకప్పుడు టీవీ మీద పరిచిన క్రోషా గుడ్డ (టీవీ గోడకెక్కి పలచబడ్డాక దానికి ఆసరా పోయింది), సోఫా చేతులకు తొడుగులు, పసిపిల్ల కోసం కుట్టిన మెత్తటి బొంత. మిగిలినవన్నీ మధ్యలో ఆగినవే. ఒకే చెయ్యి ఉన్న స్వెట్టర్. ముప్పయ్యారు చదరాలు కావలసిన దుప్పటికి పంతొమ్మిది చదరాలు. కత్తిరించి, రంగుల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టిన గుడ్డముక్కల కట్టలు. బిళ్లలు తీయని యాంకర్ దారం ఉండలు. వర్ధమాన్ ఊలు, అదీ జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ఆగిపోయే సముద్రతీర పట్టణంలో! ఆ ఊలు పుదుచ్చేరి చలి కోసం కాదని వేరే చెప్పనక్కర్లేదు. అది న్యూజెర్సీలోనో టొరంటోలోనో పుట్టబోయే మనవరాలి కోసం.

సగంలో ఆగిన పనులకు పాశ్చాత్య దేశాల అల్లికవాళ్లు సరదాగా 'యూఎఫ్‌ఓ' అని పేరు పెట్టుకున్నారు. ఆకాశంలో ఎగిరే పళ్లేలు కావు, 'అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్స్'. ఒక మనిషి జీవితకాలంలో అల్లగలిగిన దానికంటే ఎక్కువ ఊలు కొని దాచుకునే జబ్బుకు కూడా వాళ్ల దగ్గర ఓ ముద్దుపేరుంది. పేరు పెట్టుకుని నవ్వుకోవడంలో అపరాధ భావన కొంత తగ్గుతుంది కాబోలు. తెలుగింట్లో అలాంటి పేరేమీ లేదు. "ఎప్పుడో మొదలుపెట్టావుగా, అదేమైంది?" అన్న భర్తగారి ప్రశ్న మాత్రం ఉంది.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు సగం దారంలోనే ఉంది. రెండు సూదులతో అల్లే ఊలు పనిలో ఒక వరసలోని లూపులన్నీ సూది మీదే ప్రాణాలతో ఉంటాయి. మధ్యలో లేచి వెళ్లినప్పుడు సూది జారిందంటే ఒక లూపు ఊడి, నిచ్చెన మెట్ల మాదిరిగా కింది వరసల దాకా విడిపోతుంది. క్రోషా అలా కాదు. ఎంత పెద్ద దుప్పటైనా సాధారణంగా కొక్కెం మీద ఉండేది ఒక్కటే లూపు. దానికో పిన్నీసు తగిలిస్తే చాలు, కుక్కర్ కూత వేసినా, కాలింగ్ బెల్ మోగినా, పిల్లాడు ఏడ్చినా లేచి వెళ్లొచ్చు. ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియని మనిషి చేతిలో క్రోషా ఇమిడిపోవడానికి ఇదో కారణం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో తేలిన లెక్క చూడండి: జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతుంటే, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు. 299 నిమిషాలు అంటే అయిదు గంటలు. పైగా అది ఒకే దఫాలో అయిపోయే అయిదు గంటలు కాదు, రోజంతా ముక్కలు ముక్కలుగా పరుచుకున్న అయిదు గంటలు. మిగిలిన ముక్కల్లోనే అల్లిక.

తిరిగి మొదలుపెట్టడమూ తేలిక కాదు. ఏడాది తర్వాత చేతబట్టిన అల్లికలో చెయ్యి బిగువు మారిపోతుంది. పాత వరసలు వదులుగా, కొత్తవి బిగుతుగా పడి, స్వెట్టర్ నడుము దగ్గర గీత గీసినట్లు కనబడుతుంది. మిగతా ఊలు కొందామని పోతే అదే రంగు దొరకదు. ప్రతి అద్దకం విడతకూ ఒక నంబరు ఉంటుంది. బిళ్ల మీద ఆ నంబరు కలవకపోతే దుకాణం వెలుతురులో ఒకటిగా కనబడిన రెండు ఎరుపులు ఇంటికొచ్చేసరికి అక్కాచెల్లెళ్లవుతాయి, కవలలు కావు. ఆపైన సముద్రపు గాలికి సూదులకు పట్టే తుప్పు. పాపకు తొడగాలనుకున్న స్వెట్టర్ పూర్తయ్యేనాటికి పాప పెరిగిపోవడం ఇంకో సంగతి. ఇన్ని కారణాలున్నా నింద మాత్రం బద్ధకం మీదికే పోతుంది.

ఇంతకీ సగంలో ఆపే వీలు ఎవరికుంది? ఈ ప్రశ్నకు జవాబు యానాం ఉన్న గోదావరి డెల్టాలోనే, పడమటి కొసన ఉన్న నరసాపురంలో దొరుకుతుంది. అక్కడ కూడా అదే కొక్కెం సూది, అదే తెల్ల దారం. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ లేసు అల్లిక చుట్టుపక్కల గ్రామాలకు పాకి ఎగుమతి పరిశ్రమ అయింది. వ్యాపారి దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు, ఆడవాళ్లు పువ్వులు అల్లుతారు. ఇది 'చేతిపని'. ఆ పువ్వులను కలిపేది 'అతుకుపని', అది మరో ఊళ్లోనో మరో వీధిలోనో ఇంకొకరు చేస్తారు. ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలకెక్కించేది వేరొకచోట. యూరప్‌లోనో అమెరికాలోనో భోజనాల బల్ల మీద పరుచుకునే గుడ్డను, దానికి పువ్వు అల్లిన మనిషి చాలాసార్లు చూడనే చూడదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ గ్రామాల్లో తిరిగి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించారు. చేతిపనుల మీద తెలుగునాట వచ్చిన పుస్తకాలు అరకొరే అయినా, ఈ పుస్తకం ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివే విద్యార్థులకు సుపరిచితం. ఆమె తేల్చింది చాలా సూటైన విషయం. రోజుకు ఆరేడు గంటలు కొక్కెం వదలని ఈ స్త్రీలను లోకం కార్మికులుగా గుర్తించలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. తీరిక వేళ పనికి కనీస వేతనమేమిటి, సంఘమేమిటి? అలా అనడం వల్లే కూలి అంత తక్కువకు నిలబడింది. ఎగుమతిదారులది వ్యాపారం, అల్లేవారిది కాలక్షేపం. ఇల్లు దాటి పొలం పనికి వెళ్లడం పరువు తక్కువ అనుకున్న కులాల స్త్రీలు గడప లోపల కూర్చుని లేసు అల్లితే, పొలానికి వెళ్లిన దళిత స్త్రీలు వారికంటే ఎక్కువ సంపాదించారని కూడా ఆమె రాశారు. పరువుకు ధర ఎంతో ఎవరైనా లెక్క కట్టాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఊరి పేరుకు రక్షణ వచ్చింది. పువ్వుకింత అని అల్లేవారికి దక్కే కూలి సంగతి ఆ ధ్రువపత్రం నిర్ణయించదు. యంత్రాలతో అల్లిన చవక లేసుతో పోటీ కూడా దాంతో పోదు. అసలైన క్రోషాను అల్లే యంత్రం మార్కెట్లో లేదు, దానిలా కనిపించేదాన్ని అల్లేవే ఉన్నాయి. దూరం నుంచి చూసే కొనుగోలుదారుకు ఆ తేడా పట్టదు.

ఇప్పుడు నటేశన్ నగర్ బీరువాను, నరసాపురం అరుగును పక్కపక్కన పెట్టి చూస్తే సగం స్వెట్టర్ వేరుగా కనిపిస్తుంది. లేసు అల్లే మనిషికి పువ్వును మధ్యలో వదిలేసే వీలు లేదు. ఏజెంటు వచ్చే రోజుకు పువ్వు ఉండాలి, లేదంటే కూలి లేదు. నచ్చని నమూనా అయినా అల్లాలి, కళ్లు మండినా అల్లాలి. విసుగొచ్చి పక్కన పెట్టగలిగేది, మనసు మారి ఊడదీయగలిగేది, ఎరుపు బదులు పసుపు అనుకోగలిగేది సరదాకు అల్లుకునే ఇల్లాలే. రోజంతా ఇతరుల గడువుల ప్రకారం నడిచే ఇంట్లో గడువు లేని పని ఆమెకు అదొక్కటే. దాన్నీ పూర్తి చేయలేదని సతాయించడం ఏ న్యాయం?

కూలికీ సరదాకీ మధ్య ఇంకో దారి ఉంటుందా? నటేశన్ నగర్‌కు అట్టే దూరం లేని ఆరోవిల్‌లో ఒకటి కనిపిస్తుంది. 2004 డిసెంబర్ సునామీ తర్వాత తీరం వెంబడి మత్స్యకార గ్రామాల్లో భయం వదలని స్త్రీల చేతికి అక్కడి ఉపాసన డిజైన్ స్టూడియో మిగిలిపోయిన గుడ్డముక్కలు ఇచ్చింది. వాటితో వేలెడంత బొమ్మలు చేయించింది. పేరు 'సునామిక'. ఆ బొమ్మకు ధర లేదు. అమ్మరు, ఇస్తారు. పుచ్చుకున్నవారు తోచినంత విరాళమిస్తే దాంతో చేసినవారికి డబ్బు ముడుతుంది. లక్షల బొమ్మలు అలా దేశదేశాలకు వెళ్లాయి. దాన్ని వ్యాపారమనలేం, కాలక్షేపమని అసలే అనలేం. సముద్రం వైపు చూడలేని మనిషికి చూపు నిలుపుకోవడానికి ఓ సూది మొన దొరికింది.

పూర్తవుతాయా, కావా అన్నది చాలావరకు అటువైపు ఎవరు ఎదురుచూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పుట్టబోయే బిడ్డ స్వెట్టర్ ఎలాగో పూర్తవుతుంది, సోఫా తొడుగు మూలన పడుతుంది. చెన్నై కేంద్రంగా మొదలైన 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' బృందం 2016 జనవరి 31న 11,148.5 చదరపు మీటర్ల క్రోషా దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టింది. అంతకు ముందు ఆ ఘనత దక్షిణాఫ్రికా వాళ్లది. ఎవరింట్లో వాళ్లు ముక్క అల్లి పంపిస్తే అన్నీ కలిపి నేల మీద పరిచారు. ఇంట్లో అడిగేవాళ్లు లేక సగంలో ఆగే చేతులు, ఎదురుచూసే వేయిమంది తోటివాళ్లు ఉంటే ఆగలేదు. రికార్డుల పిచ్చిని ఎంత వెక్కిరించినా ఈ ఒక్క మేలు ఒప్పుకోక తప్పదు.

బీరువా అడుగు అరలోని సంచులకు అసలు సమస్య వాటి యజమానురాలు పోయాక వస్తుంది. పట్టుచీరలు పంచుకుంటారు. నగలకు తగువులు కూడా ఉంటాయి. పంతొమ్మిది చదరాలు ఎవరికి? పారేయడానికి చేతులు రావు, ఉంచుకోవడానికి చోటుండదు. 2022లో అమెరికాలో మేసీ కాప్లాన్, జెన్ సిమోనిక్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు ఈ చిక్కుకోసమే 'లూజ్ ఎండ్స్' అనే సంస్థ ప్రారంభించారు. మరణించినవారో, చేతులు సహకరించనివారో వదిలేసిన అల్లికను, బొంతను, కుట్టుపనిని ఆ పని తెలిసిన ఓ అపరిచితురాలికి అప్పగిస్తారు. ఆమె పూర్తిచేసి కుటుంబానికి తిరిగి ఇస్తుంది, పైసా తీసుకోదు. ఇలా పూర్తిచేసేందుకు పేరిచ్చినవారు అనేక దేశాల్లో వేలల్లో ఉన్నారు. ఎంత నేర్పరి పూర్తిచేసినా, బిగువులో తేడా వల్ల చెయ్యి మారిన వరస వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ వరస కోసమే ఆ దుప్పటిని దాచుకునే పిల్లలుంటారు.

అలా మరో చేతికి వెళ్లాలంటే సంచిలో కొన్ని ఉండాలి. ఎంత నంబరు సూదితో మొదలుపెట్టారో, నమూనా కాగితం ఎక్కడుందో, మిగిలిన ఉండలు, వాటి బిళ్లలు. ఇంకా ముఖ్యంగా, అది ఎవరి కోసం మొదలైందో. మొదటి నాలుగూ అనుభవజ్ఞులు చూసి కనిపెట్టగలరు. చివరిది ఆమెను బతికుండగా అడగాలి.